ఫారిన్ కన్సల్టెన్సీకి రెండున్నర నక్షత్రాలు: కోర్సు కోడ్ అడిగితే నోరు పెగల్లేదు

అనంతపురం క్లాక్ టవర్‌కు నడిచేంత దూరంలో నాకు జిరాక్స్ షాపుంది. విదేశాల్లో చదువులకు పంపించే కన్సల్టెన్సీ ఒకటి మా వీధిలోనే ఉంది. పేరు రాయను. రేపు పొద్దున వాళ్ళ ఫైళ్ళు మళ్ళీ నా మిషన్ మీదే తిరగాలి. పైగా నేను చెప్పబోయేది వాళ్ళొక్కరికే వర్తించేదీ కాదు.

ఐదింటికి రెండున్నర నక్షత్రాలు ఇస్తున్నా. అందులో రెండు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ చెప్పే మేడమ్‌వి. మిగిలిన అర అక్కడ ఫైళ్ళు చూసే ఒకమ్మాయిది. కోర్సు చెప్పే కౌన్సెలర్‌కు ఏమీ మిగల్లేదు.

మావాడు బీటెక్ మెకానికల్, 7.9 సీజీపీఏ. పెనుకొండ వైపు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో రెండేళ్ళు చేశాడు. జీతం 19 వేలు దాటలేదు. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి బస్సు దిగి, తినకుండా పడుకునేవాడు. ఒకరోజు వాళ్ళమ్మ ఉగ్గాని బజ్జీ ముందు పెడితే, "నాయనా, నేను బయటికి పోయి చదువుకుంటా" అన్నాడు. సరేనన్నా. అంతకుమించి ఆ రోజు ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు.

ముందు ఐఈఎల్‌టీఎస్ సంగతి. మేడమ్ నిజంగా చెబుతారు. మావాడు "స్కూల్" అనే ముందు చిన్న "ఇ" తగిలిస్తాడని మొదటిరోజే పట్టేశారు. ఆరు వారాలు దాని మీదే కూర్చోబెట్టారు. నలభై నిమిషాల్లో 250 మాటల వ్యాసం రాయాలి కదా, రోజూ గోడ గడియారం చూపించి రాయించారు. రాసినదాన్ని ఎర్రపెన్నుతో దిద్ది వెనక్కి ఇచ్చేవారు. ఆ కాగితాలు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి, కొన్నింటి మీద మావాడి రాతకంటే ఎర్రసిరానే ఎక్కువ. బెంగళూరులో పరీక్ష రాశాడు, ఓవరాల్ 7 వచ్చింది. ఆ ఫీజు దండగని ఎవరైనా అంటే ఒప్పుకోను.

తర్వాత కౌన్సెలింగ్. ఏసీ గది, గోడంతా ప్రపంచ పటం, మూలన ఒక ఇత్తడి గంట. ఎవరికైనా వీసా వస్తే అది కొడతారు. కౌన్సెలర్ కుర్రాడు మావాడికంటే రెండేళ్ళు పెద్దేమో. మార్కుల మెమోలు తెరవను కూడా తెరవలేదు.

"అంకుల్, కెనడా వేద్దాం. రెండేళ్ళు బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, ఆ తర్వాత మూడేళ్ళు వర్క్ పర్మిట్, ఆ తర్వాత పీఆర్, అంటే శాశ్వత నివాసం. పక్కా."

"వాడు మెకానికల్ కదప్పా, బిజినెస్ ఎందుకు?"

"మెకానికల్ అడ్మిషన్ టఫ్ అంకుల్. ఇదైతే ఈజీ."

పది నిమిషాల్లో అయిపోయింది. రిజిస్ట్రేషన్ కింద 15 వేలు కట్టి కిందికి దిగాం. కౌన్సెలింగ్ ఉచితమని బోర్డు మీద ఉంది, ఈ 15 వేలు దేనికని అడిగితే "ప్రాసెసింగ్ అంకుల్" అన్నాడు.

నాకు మొదటి అనుమానం నా షాపులోనే వచ్చింది. వాళ్ళ ఆఫీసు బాయ్ పెన్‌డ్రైవ్ తెచ్చి నాలుగు ఎస్ఓపీలు ప్రింటు తీయమన్నాడు. ఈ కోర్సే ఎందుకు చదవాలనుకుంటున్నావో నీ మాటల్లో రాయాల్సిన ఉత్తరం అది. నాలుగూ ట్రేలోకి వచ్చి పడ్డాయి. నాలుగింట్లోనూ మొదటి వాక్యం ఒకటే: చిన్నప్పటి నుంచి నాకు వ్యాపారమంటే ఎంతో మక్కువ. మూడోది మావాడిది. కౌంటర్లో పది నిమిషాలు కూర్చోమంటే చిల్లర తప్పిచ్చి లేచిపోయేవాడు వీడు! నాలుగో కాగితంలో పై పేరాలో ఒక పేరు, కింది పేరాలో ఇంకొకరి పేరు. మార్చడం మర్చిపోయారు. నాలుగింటికీ కలిపి నలభై రూపాయలు తీసుకుని ఇచ్చేశా. ఏమనాలో తోచలేదు.

ఆ వారమే వాళ్ళ ఫైళ్ళ అమ్మాయి స్పైరల్ బైండింగ్ కోసం వచ్చింది. రంధ్రాలు కొడుతుంటే చుట్టూ చూసి మెల్లగా, "అన్నా, మీ అబ్బాయి కోర్సుకు కోడ్ ఎంతో మా సార్‌ను అడుగు. ఆ కోడ్ కెనడా లిస్టులో ఉందేమో నువ్వే చూసుకో. నేను చెప్పినట్టు చెప్పొద్దు" అంది. బైండింగ్ డబ్బులు తీసుకోలేదు నేను.

కోడ్ అంటే సిఐపి కోడ్. ప్రతి కోర్సుకూ ఆరంకెల నంబరు ఉంటుంది. 2024 నవంబరు 1 నుంచి కెనడా ఒక నిబంధన పెట్టింది. ఆ తేదీ తర్వాత స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టి, కాలేజీలో డిప్లొమా చదివినవాళ్ళకు, చదువయ్యాక వర్క్ పర్మిట్ కావాలంటే ఆ కోర్సు కోడ్ వాళ్ళ ప్రభుత్వ జాబితాలో ఉండాలి. వైద్యం, సైన్సు-ఇంజనీరింగ్, వ్యవసాయం, రవాణా, ఎలక్ట్రీషియన్ లాంటి చేతిపనులు, ఇలా వాళ్ళ దేశంలో మనుషులు చాలని రంగాల కోర్సులు అందులో ఉంటాయి. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ డిగ్రీలకు ఈ జాబితా అడ్డు లేదు. డిప్లొమాలకే. మామూలు బిజినెస్ మేనేజ్‌మెంట్ ఆ జాబితాలో లేదు. రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించి, షాపు కంప్యూటర్లో కెనడా ప్రభుత్వ సైటే తెరిచి నేనూ మావాడూ వేలు పెట్టి వెతికాం. లేదు. అంటే రెండేళ్ళు ఫీజులు కట్టి, చదివి, పాసయ్యాక వెనక్కి రావాల్సిందే. మూడేళ్ళ పర్మిట్ లేదు, కుర్రాడు పక్కా అన్న పీఆర్‌కు కావాల్సిన అక్కడి పని అనుభవమూ లేదు.

మర్నాడు పైకెళ్ళి కోడ్ అడిగా. "కోడా అంకుల్?" అన్నాడు. వాళ్ళ సార్‌కు ఫోన్ చేశాడు. ఆయన లైన్లోకి వచ్చి, "ముందు అక్కడికి చేరనీయండి సార్, అక్కడ కోర్సు మార్చుకోవచ్చు, జాబ్ ఆఫర్ తెచ్చుకుంటే పాయింట్లు కలుస్తాయి" అన్నాడు. పీఆర్‌కు పాయింట్లు లెక్కగట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఆ జాబ్ ఆఫర్ పాయింట్లను 2025 మార్చిలోనే తీసేశారు. నాలాంటి జిరాక్స్ వాడికి ఒక్క రాత్రిలో దొరికిన విషయం, అదే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్ళకు దొరకలేదా?

దొరికే ఉంటుంది. మా బామ్మర్ది బెంగళూరులో ఇంకో కన్సల్టెన్సీలో ఏడాది పనిచేశాడు, వాడు విడమరిచి చెప్పాడు. పిల్లవాడు చేరితే కాలేజీ మొదటి ఏడాది ఫీజులో కొంత కమీషన్‌గా ఏజెంటుకు ఇస్తుంది. అందుకే కౌన్సెలింగ్ ఉచితం. అందుకే తేలిగ్గా సీటిచ్చే కాలేజీలే ముందుకొస్తాయి. పిల్లవాడికి ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ కమీషన్‌కు ఢోకా లేదు. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలకు చాలాచోట్ల ట్యూషన్ ఫీజే లేదు, ఇక కమీషన్ ఎక్కడి నుంచి వస్తుంది? మావాడు మొదటిరోజు జర్మనీ అనగానే కుర్రాడు "లాంగ్వేజ్ చాలా కష్టం బ్రో" అని పటంలో ఇంకో వైపు చూపించింది ఇందుకేనన్నమాట.

మళ్ళీ జర్మనీ అని గట్టిగా అడిగితే 60 వేల ప్యాకేజీ చెప్పారు. వద్దని మావాడే మొదలుపెట్టాడు. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్. మన డిగ్రీ నిజమైనదేనని ధ్రువీకరించే కాగితం, 18 వేలు. వీసాకు అది లేకుండా కుదరదు. తర్వాత మార్కులను వాళ్ళ లెక్కలోకి మార్చుకోవాలి. వాళ్ళకు 1 అంటే గొప్ప, 4 అంటే గట్టెక్కినట్టు. మనకు అంతా తలకిందులు. మావాడి 7.9కు 2.26 వచ్చింది. చాలా మాస్టర్స్ కోర్సులు 2.5 లోపు అడుగుతాయి కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. విదేశీ విద్యార్థుల దరఖాస్తులను అక్కడి యూనివర్సిటీల తరఫున చూసే యూని-అసిస్ట్ ద్వారా దరఖాస్తులకు మొదటిదానికి 75 యూరోలు, తర్వాతి ఒక్కోదానికి 30. కార్డు పనిచేయక రెండుసార్లు బ్యాంకుకు పోయాడు.

ఖర్చు లేదని కాదు. ఏడాది తిండికీ గదికీ 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్లో వేసి చూపించాలి. మన డబ్బులోకి మారిస్తే 12 లక్షలకు కాస్త అటూ ఇటూ. ఆ డబ్బు మనదే, నెలకు 992 యూరోల చొప్పున వాడి చేతికే వస్తుంది. లోన్ కోసం గార్లదిన్నె దగ్గర మాకున్న మూడెకరాలు చూపిస్తే మేనేజర్ గారు, "సాగు భూమి మాకొద్దప్పా, ఇల్లు ఉంటే చెప్పు" అన్నారు. ఇల్లు పెట్టాం. మా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు. నేను తిన్నాను గానీ, ఏం తిన్నానో చెప్పమంటే చెప్పలేను.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు అక్కడే ఉండనిస్తారు. అక్కడి డిగ్రీ ఉండి, చదువుకు తగ్గ ఉద్యోగం రెండేళ్ళు చేసి, ఆ రెండేళ్ళూ పెన్షన్ కట్టి, బీ1 స్థాయి జర్మన్, అంటే రోజువారీ పనులకు సరిపడేంత భాష, వస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పక్కా అని వీడికి ఎవరూ చెప్పలేదు. ఏం చేస్తే ఏమొస్తుందో మాత్రం ముందే రాసి ఉంది. మెకానికల్ చదివి, ఫ్యాక్టరీలో గేజీ పట్టుకుని రెండేళ్ళు నిలబడ్డవాడికి కార్లు తయారుచేసే దేశం అతుకుతుందని నాకు అనిపించింది. ఇక్కడ నేను పొరపాటు పడుతుండవచ్చు కూడా, అక్కడి కార్ల కంపెనీల్లో ఉద్యోగాలు తగ్గిస్తున్నారని వార్తలు చూస్తూనే ఉన్నా.

రిజిస్ట్రేషన్ డబ్బులు వెనక్కి అడిగితే "నాన్-రిఫండబుల్" అని రసీదు వెనక చూపించారు. అది చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. ఆ రసీదు పుస్తకం కొట్టించి ఇచ్చింది నేనే, నేనే చదవలేదు. పక్క షాపు వాణ్ణి కదా అని మొహమాటానికి 9 వేలు ఇచ్చారు, అదీ రెండు విడతల్లో.

మీరు వెళ్తే ఐఈఎల్‌టీఎస్‌కు వెళ్ళండి, మేడమ్ బ్యాచ్ పొద్దున ఏడుకు. కోర్సు మాట వస్తే కోడ్ కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే ఇంటికొచ్చి ఆ దేశం ప్రభుత్వ సైటులో మీరే చూసుకోండి. ఎస్ఓపీ మీ పిల్లలతోనే రాయించండి, ప్రింటుకు నా దగ్గరికే తెచ్చినా సరే.

వాళ్ళ మెట్ల దగ్గర "యూకేలో చదవండి, 2 ఏళ్ళు వర్క్ వీసా" అని రంగుల పోస్టరుంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్ళకు మాస్టర్స్ తర్వాత 18 నెలలే. అంటే ఈ సెప్టెంబరులో పోయి ఏడాది కోర్సు చదివేవాడికి ఆ పోస్టరు వర్తించదు. తీసేయమని చెప్పా, తీస్తామన్నారు. ఇంకా ఉంది. లామినేషన్ చేసింది నేనే కాబట్టి చెబుతున్నా, ఇంకో పదేళ్ళకు కూడా అది చిరగదు.