పేరు లేని నీలం మందు పోసి వారంలో పదకొండు చేపలను పోగొట్టుకున్నాను, దయచేసి కొనే ముందు ఇది చదవండి

అక్వేరియం షాపుల్లో చిన్న ప్లాస్టిక్ సీసాలో నీలం మందు పోసి ఇస్తుంటారు. దాని మీద పేరుండదు, తయారీ తేదీ ఉండదు, ఎన్ని లీటర్లకు ఎంత వేయాలో ఉండదు. ఆ మందు దయచేసి కొనకండి. చేపను చూడకుండా ఫోన్‌లోనే జబ్బు పేరు చెప్పేసి మందు అంటగట్టేవాళ్ళను అసలు నమ్మకండి. షాపు పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఇలా అమ్మేది ఆ ఒక్క షాపే కాదు, నాకు కావాల్సింది ఒకరిని బజారుకెక్కించడం కూడా కాదు. మీ చేపలు బతకాలి, అంతే.

మాది భీమవరం. ఇంట్లో మూడడుగుల ట్యాంకులో ఐదు ఏంజెల్ చేపలు, ఆరు టెట్రాలు ఉండేవి. ఏంజెల్స్‌ని రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు తెచ్చి ఎనిమిది నెలలు పెంచాం. మొన్నొక ఆదివారం విజయవాడ వెళ్ళినప్పుడు మా పాప ముచ్చటపడిందని నాలుగు నల్ల మోలీలు కొన్నాను. కవర్లో నాలుగు గంటల ప్రయాణం చేసి వచ్చాయి. నేరుగా పెద్ద ట్యాంకులోనే వదిలాను. కొత్త చేపల్ని కనీసం రెండు మూడు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడాలని నాకు తెలుసు. తెలిసీ చేయలేదు. ఆ తప్పు నాదే.

బుధవారం పొద్దున చూస్తే ఒక మోలీ మూతి మైదాపిండిలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది. రెక్కలు ఒంటికి అంటించుకుని ఫిల్టర్ పక్కన ఒకేచోట ఊగుతోంది. వీడియో తీసి మోలీలు అమ్మిన షాపతనికి పంపితే ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "ఫంగస్ సార్. హీటర్ 32 డిగ్రీలకి పెట్టేయండి, మా బ్లూ మందు మూడు మూతలు పోయండి, రెండ్రోజుల్లో క్లియర్." ట్యాంకు ఎన్ని లీటర్లని అడగలేదు. వేరే చేపలేమున్నాయని అడగలేదు. ఎన్నాళ్ళ నుంచి ఉందనీ అడగలేదు. నూట ఎనభై రూపాయలు ఫోన్‌పేలో కట్టి, విజయవాడ నుంచి వస్తున్న మా బావమరిది చేత ఆ సీసా తెప్పించుకుని సాయంత్రానికి పోసేశాను.

గురువారం రాత్రికి మూడు మోలీలు చచ్చి తేలాయి. శుక్రవారం తెల్లవారుజామున లేచి లైటు వేస్తే ఏంజెల్స్ ఐదూ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి కొట్టుకుంటున్నాయి. ఒకదాని వీపు మీద, పై రెక్క మొదట్లో, జీను వేసినట్టు అడ్డంగా బూడిద రంగు మచ్చ. రాత్రి పడుకునేటప్పుడు ఆ మచ్చ లేదు.

మా ఊళ్ళో ఆక్వా ల్యాబులకు కొదవ లేదు. రొయ్యల చెరువుల వాళ్ళ కోసం పెట్టినవే అయినా, బతిమాలితే ఒక ల్యాబులో చూస్తామన్నారు. కొన ఊపిరితో ఉన్న ఏంజెల్‌ని కవర్లో, ట్యాంకు నీళ్ళను వేరే సీసాలో తీసుకెళ్ళాను. అక్కడి అబ్బాయి ఆ మచ్చ అంచు నుంచి కాస్త గీకి, గాజు పలక మీద నీటిచుక్క వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నాడు. సన్నటి పొడుగాటి పుల్లల్లాంటివి మెల్లగా జారుతూ ఒకచోట పోగవుతున్నాయి. అచ్చం పొలంలో వేసిన గడ్డిమేటులా ఉంది. "ఇది ఫంగస్ కాదండి, బ్యాక్టీరియా. కాలమ్నారిస్. చెరువుల్లో శీలావతికీ బొచ్చెకూ కూడా వస్తుంది" అన్నాడు. హీటర్ ఎంతలో ఉందని అడిగాడు. 32 అని చెప్పగానే తల పట్టుకున్నాడు. వేడి పెరిగేకొద్దీ ఈ బ్యాక్టీరియా ఇంకా జోరుగా పెరుగుతుందట. పైగా వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. మొప్పలు పాడైన చేపకు అది ఊపిరి బిగబట్టినట్టే.

ట్యాంకు నీళ్ళలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం) 2 పీపీఎం, అంటే లీటరుకు రెండు మిల్లీగ్రాములు వచ్చింది. సున్నా ఉండాల్సిన చోట రెండు! ఆ సీసాలో ఏముందో ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, లేబుల్ లేదు కదా. రంగును బట్టి మిథిలీన్ బ్లూ అయ్యుండొచ్చని ఆ అబ్బాయి అన్నాడు. మిథిలీన్ బ్లూ చెడ్డ మందేం కాదు. గుడ్లకు ఫంగస్ పట్టకుండా, వేరే టబ్బులో వాడుకునే మందది. పెద్ద ట్యాంకులో పోస్తే మాత్రం ఫిల్టర్లో అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతింటుంది. మా బోరు నీళ్ళ పీహెచ్, అంటే క్షారగుణం, ఎక్కువ. పీహెచ్, వేడి రెండూ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. అంటే జబ్బు తప్పు, వేడి తప్పు, మందు తప్పు. ఒక్క మాటతో మూడూ జరిగిపోయాయి.

తెల్లగా కనిపించిందల్లా ఒకే జబ్బు కాదని నాకు ఆ రోజు అర్థమైంది. ఒళ్ళంతా ఉప్పురవ్వ చల్లినట్టు విడివిడిగా చుక్కలుంటే అది ఇక్. పరాన్నజీవి వల్ల వస్తుంది. దానికి వేడి పెంచడం పనికొస్తుంది, ఎందుకంటే చేప ఒంట్లో దాక్కున్నప్పుడు ఆ పురుగుకు మందు తగలదు. వేడికి దాని జీవితచక్రం త్వరగా తిరిగి, పిల్లలు నీళ్ళలోకి వచ్చినప్పుడు మందుకు దొరుకుతాయి. అందుకే చుక్కలు పోయాక కూడా కొన్నాళ్ళు మందు ఆపకూడదు. దెబ్బ తగిలిన చోట దూదిపోగుల్లా బయటికి లేచి ఉంటే అది నిజమైన ఫంగస్. మూతి చుట్టూ, వీపు మీద చదునుగా, బూడిద తెలుపులో లేదా కాస్త పసుపుగా ఉండి, గంటగంటకీ పాకుతుంటే కాలమ్నారిస్ అని అనుమానించండి. హీటర్ వేడి పెంచకండి. కంటిచూపుతో ఇంతవరకే చెప్పగలం. ఖాయం చేసేది మైక్రోస్కోపే. దానికి బతికున్న చేపో, అప్పుడే చనిపోయిన చేపో కావాలి. రాత్రంతా నీళ్ళలో నానిన చేపలో వేరే బ్యాక్టీరియా కమ్మేస్తుంది.

మందు మూతల లెక్క కూడా ఎవరో చెబితే పోయకండి. నా ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 38 ఎత్తు. గుణించి వెయ్యితో భాగిస్తే 102 లీటర్ల పైమాటే. కానీ నీళ్ళు 32 సెంటీమీటర్ల వరకే ఉంటాయి, అడుగున రాళ్ళున్నాయి. నిజంగా ఉన్న నీళ్ళు 80 లీటర్లకు అటూఇటూ. ఈ లెక్క వేయకుండా వంద లీటర్ల డోసు నేరుగా పోసేవాళ్ళు ఎంతమంది ఉంటారో!

తర్వాత నీళ్ళు సగం చొప్పున మార్చి, ఫిల్టర్లో కార్బన్ (మందును పీల్చేసే బొగ్గు) పెట్టి మందు లాగేశాను. హీటర్ తీసేసి, రెండో ఎయిర్ పంపు పెట్టాను. ఇదే షాపతను మళ్ళీ ఫోన్ చేసి, మనుషులు వేసుకునే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గొట్టం మాత్రలు విప్పి నీళ్ళలో కలపమన్నాడు. ల్యాబు వాళ్ళు వద్దన్నారు. బోరు నీళ్ళలోని కాల్షియం ఆ మందును పట్టేసుకుంటుందట, చేపకు చేరేది తక్కువ. ఫిషరీస్ చదివిన డాక్టరు గారు చెప్పిన మేరకు, ఇంకా తినగలుగుతున్న వాటిని టబ్బులోకి మార్చి మేతలో యాంటీబయాటిక్ కలిపి పెట్టాం. డోసు ఇక్కడ రాయను, మీ చేపను చూసినవాళ్ళే చెప్పాలి. నాలుగు మోలీలు, మూడు ఏంజెల్స్, నాలుగు టెట్రాలు పోయాయి. రెండు ఏంజెల్స్, రెండు టెట్రాలు మిగిలాయి.

తర్వాతి ఆదివారం ఆ షాపుకు వెళ్ళాను. గొడవకు కాదు, చూడటానికి. ఆ వరుసలో ట్యాంకులన్నింటికీ కింద ఒకటే ఫిల్టర్, ఒకే నీళ్ళు. ఒకే వలతో అన్నింట్లోంచీ చేపలు తీస్తున్నారు. మోలీల ట్యాంకులో వెనక మూల ఒకటి మూతి తెల్లబడి ఊగుతోంది. చూపిస్తే, "లైవ్ చేపలకు గ్యారంటీ ఉండదు సార్, మీ నీళ్ళలోనే తేడా" అన్నాడు. కాబట్టి మీకు నచ్చిన చేప ఒక్కదాన్నే చూడకండి, వరుసంతా చూడండి. మీ ముందు మేత వేయమనండి. తినకుండా మూల నిలబడిన చేప ఒక్కటి ఉన్నా ఆ రోజు ఏమీ కొనకుండా వచ్చేయండి.

ఈ మధ్య మోలీలు గానీ గప్పీలు గానీ కొని నేరుగా ట్యాంకులో వదిలినవాళ్ళు ఉంటే ఈ రాత్రే మూతులు, వీపులు లైటు వేసి చూడండి. మచ్చ ఉన్నదాన్ని వేరే టబ్బులోకి తీయండి, దానికి వేరే వల వాడండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. చచ్చిన చేపల్ని కాలువలో వేయొద్దు, పాతిపెట్టండి. మందు కలిపిన నీళ్ళు కూడా మన చెరువుల వైపు వెళ్ళనివ్వొద్దు.