ఒక్కడినే బోటు దింపుతూ ఆరేళ్లు: ట్రైలర్, తాడు, ర్యాంప్

ఆరేళ్లుగా నాది ఒకటే బోటు, దాన్ని బండి వెనక లాక్కెళ్లే ట్రైలర్ ఒకటే. బోటు 16 అడుగుల ఫైబర్‌ది, వెనక 40 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ మోటారు. ట్రైలర్‌కి ఇరుసు ఒకటే. రోలర్ల బదులు కార్పెట్ చుట్టిన పొడవాటి చెక్క పట్టీలు రెండు ఉంటాయి, బోటు వాటి మీద కూర్చుంటుంది. అన్నీ కలిపి సుమారు 700 కిలోలు. మొదటి సంవత్సరం తమ్ముడు తోడొచ్చేవాడు. ఆ తర్వాత ఐదేళ్లూ దాదాపు ప్రతిసారీ నేనొక్కడినే నీళ్లలోకి దింపాను, నేనొక్కడినే తిరిగి ట్రైలర్ మీదకి ఎక్కించాను.

కొత్తగా బోటు కొన్నవాళ్లు నన్ను ముందుగా అడిగేది ట్రైలర్ తగిలించిన బండిని రివర్స్ చెయ్యడం గురించే. రివర్స్ కొన్నాళ్లు కూర్చుని నేర్చుకుంటే వచ్చేస్తుంది. మనిషి తోడు లేనప్పుడు అసలు విషయం వేరే ఉంది. బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా, నడుపుతున్న సమయం తప్ప, బోటు ఎప్పుడూ దేనికో ఒకదానికి కట్టి ఉండాలి. ట్రైలర్‌కో, జెట్టీకో, లంగరుకో. ఒక ముడి విప్పేముందు ఇంకో ముడి పడి ఉండాలి. ఇది నాకు పూర్తిగా అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

అయినా రివర్స్ సంగతి ముందు చెప్పేస్తాను. చెయ్యి స్టీరింగ్ అడుగున, గడియారంలో 6 ఉండే చోట పెట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి, అంతే. చెయ్యి పైన ఉంటే అంతా తిరగబడి కనిపిస్తుంది, బుర్ర తికమకపడుతుంది. పక్కకు పోయిన ట్రైలర్‌ని తిన్నగా చెయ్యడానికి అద్దాల లెక్క ఒకటుంది. ఎడమ అద్దంలో ట్రైలర్ ఎక్కువగా కనిపిస్తుంటే స్టీరింగ్‌ని ఎడమకి తిప్పాలి, కుడి అద్దంలో కనిపిస్తుంటే కుడికి. రెండు పద్ధతులూ ఒకటే చెప్తాయి, ఎవరికి ఏది అలవాటైతే అది. నేను చేతిని చూసుకుంటాను, తమ్ముడు అద్దాన్ని చూసుకుంటాడు.

తిప్పడం ఎప్పుడూ కొంచెమే. తిప్పాక ఆగాలి, ఎందుకంటే ట్రైలర్ స్పందించడానికి ఒక క్షణం తీసుకుంటుంది. ఆ క్షణం ఓపిక పట్టలేక ఇంకా తిప్పేస్తే బండీ ట్రైలరూ మోచెయ్యి మడిచినట్టు మడుచుకుపోతాయి. మొదటి సంవత్సరం నాకు ఒకసారి అలాగే అయ్యి, ట్రైలర్ ముందు గొట్టం బండి బంపర్‌కి తగిలి సొట్ట పడింది. అప్పట్నుంచి వంకర ఎక్కువవుతోందనిపిస్తే వెనక్కి వెళ్లడం మానేసి, ముందుకు పోయి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెడతాను. వెనక ఎవరైనా వరసలో ఉన్నా సరే. ముందుకు తీస్తే అర నిమిషం, మడుచుకుపోతే అరగంట. ఇరుసు హిచ్‌కి (బండికి ట్రైలర్ తగిలించే చోటుకి) ఎంత దగ్గరగా ఉంటే ట్రైలర్ అంత వేగంగా తిరిగిపోతుంది కాబట్టి, పొట్టి ట్రైలర్ ఉన్నవాళ్లు ఇంకా నిదానంగా ఉండాలి. నేర్చుకోవడానికి ర్యాంప్ (నీళ్లలోకి దిగే వాలు దారి) కాదు, ఖాళీ మైదానం కావాలి. వంపు తిరగాల్సి వస్తే డ్రైవర్ కూర్చున్న వైపుకి తిరిగేలా చూసుకోండి, తల బయటపెట్టి చక్రాన్ని నేరుగా చూడొచ్చు.

ర్యాంప్ మీద ఖాళీ ట్రైలర్ బోటు ఉన్న ట్రైలర్ కన్నా కష్టం. వాలులో బండి వెనక భాగం అడ్డొచ్చి అది అసలు కనపడదు. కనపడేసరికే పక్కకి తిరిగిపోయి ఉంటుంది. నేను కొన్న వస్తువుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినవి ఈ ఇబ్బంది తీర్చినవే: ట్రైలర్ వెనక రెండు పక్కలా నిలువుగా నిలబడే గైడ్ పోల్స్. ఒక మనిషంత ఎత్తు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు. అద్దంలో రెండూ కనిపిస్తాయి, ట్రైలర్ ఎటు పోతోందో వెంటనే తెలుస్తుంది. తిరుగు ప్రయాణంలో బోటుని మధ్యలోకి తెచ్చేవీ అవే. రివర్స్ కెమెరా కూడా పెట్టించాను. ట్రైలర్ ముందు కొసన ఉండే కప్లర్ కిందకి బండి హిచ్ బాల్ సరిగ్గా వచ్చేలా బండి ఆపడానికి అది బ్రహ్మాండం. ర్యాంప్ మీద మాత్రం అందులో ట్రైలర్ గొట్టం తప్ప ఏమీ కనపడదు. ఒక్కటే కొనగలిగితే పోల్సే కొనండి.

ఇక దింపే పని. ఇందులో ముప్పావు వంతు ర్యాంప్ దగ్గరకి వెళ్లకముందే, చదును నేల మీద అయిపోవాలి. వెనక వైపు బోటుని ట్రైలర్‌కి బిగించిన బెల్టులు విప్పుతాను. తాళ్లు కడతాను, జెట్టీకి రాసుకోకుండా పక్కన ఫెండర్లు వేలాడదీస్తాను. మోటారు నేలకి తగలకుండా పైకి ఎత్తి ఉందో లేదో చూస్తాను. లైఫ్ జాకెట్ ఇక్కడే వేసుకుంటాను, నీళ్ల దగ్గర కాదు. పాచి పట్టిన ర్యాంప్ మీద కాలు జారితే పట్టుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. బోటు ముక్కుని ట్రైలర్‌కి పట్టి ఉంచే వించ్ (హ్యాండిల్ తిప్పి లాగే చుట్ట) స్ట్రాప్, దాని పక్కన గొలుసు మాత్రం ముట్టుకోను.

డ్రెయిన్ ప్లగ్ గురించి విడిగా చెప్పాలి. బోటు వెనక అడుగున నీళ్లు పోయే రంధ్రానికి పెట్టే చిన్న బిరడా అది. మూడో సంవత్సరంలో ఒకరోజు పెట్టడం మర్చిపోయాను. బోటు దింపి, జెట్టీకి కట్టి, బండి పార్క్ చేసి వచ్చేసరికి వెనక భాగం నాలుగు వేళ్ల మేర కిందకి దిగి ఉంది. లోపల బ్యాటరీ పెట్టె అడుగు అప్పటికే నీళ్లలో ఉంది. ట్రైలర్ మళ్లీ తెచ్చి ఎక్కించడం తప్ప దారి లేదు, అదీ లోపల నీటి బరువుతో. ఆ రోజు నా చేతులు ఎంతసేపు వణికాయో నాకే తెలుసు. ఇప్పుడు ఆ ప్లగ్‌ని ఇంటికి వెళ్లగానే తీసి, బోటు ఇగ్నిషన్ తాళంచెవి ఉన్న గుత్తికే తగిలిస్తాను. తాళంచెవి పెట్టాలంటే ముందు ప్లగ్ చేతికి తగలాలి. మూడేళ్లుగా ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

చదును మీద ఇంకో పదిహేను నిమిషాలు ఆగడానికి వేరే కారణం ఉంది. దూరం నుంచి వచ్చిన ట్రైలర్ చక్రాల హబ్‌లు (బేరింగ్‌లు ఉండే మధ్య భాగాలు) వేడిగా ఉంటాయి. ఆ వేడి మీద చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు పక్కనుంచి నీళ్లని లోపలికి లాక్కుంటుంది. గ్రీజు పాడై, తుప్పు పట్టి, బేరింగ్ ఎక్కడో రోడ్డు మధ్యలో పట్టేస్తుంది. అరచెయ్యి హబ్ మీద ఆనించి చూస్తాను. చెయ్యి హాయిగా నిలిస్తేనే ముందుకు కదులుతాను. ఒక చక్రం రెండోదానికన్నా బాగా వేడిగా ఉంటే ఆ బేరింగ్ చూపించాల్సిన టైమ్ వచ్చినట్టే, నాకు అలా ఒకసారి ముందే తెలిసింది. లైట్ల వైరు ప్లగ్ కూడా ఇక్కడే పీకేస్తాను. మామూలు బల్బులు ఉన్నన్నాళ్లూ ఏడాదికి రెండు సార్లు పోయేవి. సీల్ చేసిన ఎల్ఈడీలు వేయించాక ఆ బాధ తీరింది.

తాడు నాకు బాగా ఇష్టమైన భాగం. సుమారు 10 మీటర్ల తాడు, ఒక కొస బోటు ముక్కుకి, రెండో కొస ట్రైలర్ మీద వించ్ నిలబడిన స్తంభానికి. మధ్యలో మిగిలింది చుట్టలు చుట్టి ముక్కు మీద పెడతాను, బోటు జరుగుతుంటే ఒక్కో చుట్టా తనంతట తాను విప్పుకుంటుంది. నీటి మీద తేలే రకం తాడే వాడతాను. నైలాన్ తాడు బలమైనదే గానీ మునిగిపోతుంది, మునిగితే ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. తేలే తాడుకి ఒక లోపం ఉంది: ఎండకి పీచులు లేచి చేతిలో గరుకుగా తగులుతుంది. రెండేళ్లకోసారి మార్చేస్తున్నాను.

నీటి అంచుకి వచ్చాక బండి ఆపి వించ్ స్ట్రాప్, గొలుసు విప్పుతాను. నాది కార్పెట్ పట్టీల ట్రైలర్ కాబట్టి బోటు అక్కడ కదలదు. రోలర్ల ట్రైలర్ అయితే ఈ పని పొడి నేల మీద అస్సలు చెయ్యకండి, బోటు జారి కాంక్రీటు మీద పడుతుంది. మళ్లీ సీట్లో కూర్చుని నెమ్మదిగా వెనక్కి. కిటికీ అద్దం దించి ఉంచుతాను. చక్రాలు మునిగేటప్పుడు పట్టీల మీద బోటు చిన్నగా కిర్రుమంటుంది. ఇంకొంచెం వెళ్లాక ఆ చప్పుడు ఆగిపోతుంది, అద్దంలో మోటారు పక్కలకి ఊగడం మొదలవుతుంది. వెనక భాగం తేలింది అన్నమాట. అప్పుడు బ్రేకు కొంచెం గట్టిగా నొక్కితే బోటు తనే వెనక్కి జారి తాడు అంచుదాకా వెళ్లి ఆగుతుంది.

దిగేముందు వరస తప్పకూడదు. కాలు బ్రేకు మీదే ఉంచి ముందు హ్యాండ్‌బ్రేకు లాగాలి, తర్వాత కాలు తీసి బరువంతా దాని మీద పడనివ్వాలి, ఆ తర్వాతే గేరు పార్కింగ్‌లో వెయ్యాలి. అప్పుడు బరువు గేరుబాక్సు మీద కాకుండా బ్రేకు మీద ఉంటుంది. దిగి చక్రం వెనక దుంగ పెడతాను, దానికి తాడు కట్టి ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు మర్చిపోను. అప్పుడు స్తంభం దగ్గర ముడి విప్పి, తాడు చేత్తో పట్టుకుని జెట్టీ మీద నడుస్తూ బోటుని తీసుకెళ్లి కట్టేస్తాను. దూడని తాడు పట్టి నడిపించినట్టే వస్తుంది, లాగాల్సిన పని ఉండదు.

రెండో సంవత్సరంలో ఒకసారి స్తంభానికి కట్టకుండా, దిగి పట్టుకోవచ్చులే అనుకున్నాను. గాలి గట్టు నుంచి నీటివైపు వీస్తోంది. నేను సీటు బెల్టు తీసి దిగేలోపు తాడు కొస నీటి మీద నాకు అందనంత దూరంలో ఉంది. అవతల చేపలు పడుతున్న ఒక పెద్దాయన తన బోటులో వెళ్లి తెచ్చి ఇచ్చారు. ఆయన లేకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. గాలి పక్కనుంచి ఉన్న రోజున ఇప్పుడు రెండో తాడు కూడా కడతాను: వెనక కొక్కానికి కట్టి, బోటు అంచు పొడవునా ముక్కుదాకా తెచ్చి పెడతాను. జెట్టీ మీద నిలబడి రెండు కొసలూ ఒకే చోట అందుకోవచ్చు, వెనక భాగం గాలికి తిరిగిపోదు.

ఎక్కించేటప్పుడు అందరూ చేసే పొరపాటు ట్రైలర్‌ని మరీ లోతుగా ముంచడం. లోతు ఎక్కువైతే బోటు పట్టీల మీద కూర్చోకుండా తేలుతూనే ఉంటుంది, పైకి లాగేసరికి వంకరగా దిగుతుంది. నేను ముందు ఒకసారి పూర్తిగా ముంచి కార్పెట్ తడుపుతాను, తర్వాత మడ్‌గార్డుల పైభాగం నీటి మట్టానికి కొంచెం పైన కనిపించేదాకా ముందుకి తెస్తాను. నా ర్యాంప్‌కి, నా బోటుకి ఆ గుర్తు సరిపోతుంది. వాలు మారితే గుర్తూ మారుతుంది, ఒకటి రెండు సార్లు చూసుకుని మీది మీరు పెట్టుకోండి. తాడుతో బోటుని పోల్స్ మధ్యకి నడిపించి, స్ట్రాప్ తగిలించి, వించ్ తిప్పుతాను. చాలామంది మోటారు జోరుగా నడిపి బోటుని ట్రైలర్ మీదకి ఎక్కిస్తారు. ప్రొపెల్లర్ తోసే నీళ్లు ర్యాంప్ చివర మట్టిని తవ్వేసి గొయ్యి చేస్తాయి, తర్వాత వచ్చినవాడి ట్రైలర్ చక్రాలు అందులో దిగబడతాయి. నాకు ఆ గొయ్యి తగిలింది కాబట్టి చెప్తున్నాను, దయచేసి అలా చెయ్యకండి.

వించ్ గురించి ఒక హెచ్చరిక. లాక్ పడకుండా హ్యాండిల్ వదిలితే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. టక్ టక్ మని పళ్లు పడుతున్న చప్పుడు వినపడుతుంటేనే తిప్పుతాను, స్ట్రాప్‌కి సూటిగా ఎదురుగా నిలబడను. నా మొదటి స్ట్రాప్ నాలుగో ఏడు అంచు కుట్టు విడిపోయింది. చూడటానికి బాగానే ఉంది, పూర్తిగా బయటికి లాగి ఎండలో పరిచి చూస్తేనే లోపలి చుట్టల్లో చిరుగు కనిపించింది. కొత్తది వేసి రెండేళ్లయింది. కార్పెట్ వెనక అంచుల్లో అరిగి చెక్క బయటపడుతోంది, టైర్ల పక్కల్లో సన్నటి బీటలు వచ్చాయి. అరుగుదల లేకపోయినా వయసు మీదపడ్డ టైర్లు అవి. ఈ రెండూ వచ్చే నెలలో మార్పిస్తున్నాను, అప్పటిదాకా దూరం వెళ్లడం లేదు.