టర్నర్ హాల్‌కి వెళ్లి బీరు తాగి వచ్చేస్తే చూసినట్టు కాదు

అమెరికాలో ఆరు రోజులు, మూడు ఊళ్లు: మిల్వాకీ, ఇండియానాపోలిస్, న్యూ ఉల్మ్. మూడింట్లోనూ జర్మన్ వలసదారులు కట్టుకున్న తాలింఖానాలున్నాయి, వాటినే టర్నర్ హాల్ అంటారు. మామూలు యాత్రికులకి ఇవి బీరూ సాసేజీలూ దొరికే చోట్లు, అంతే. కింద రెస్టారెంటులో కూర్చుని, ఫొటో దిగి బయటపడతారు. దేనికోసం ఆ భవనం కట్టారో ఆ హాలు పక్కనే ఉంటుంది, చాలాసార్లు తాళంతో.

టర్నర్ అన్నది ఇక్కడ ఎవరి ఇంటిపేరూ కాదు. జర్మన్‌లో ‘టర్నెన్’ అంటే కసరత్తు చెయ్యడం. ఫ్రీడ్రిష్ యాన్ 1811లో బెర్లిన్ పక్కన హాసెన్‌హైడెలో ఆరుబయట వ్యాయామశాల తెరిచాడు. నెపోలియన్ సేనల చేతిలో ఓడిన దేశంలో కుర్రాళ్లకి ఒళ్లు గట్టిపడాలన్నది ఆయన పట్టుదల. 1848 విప్లవం విఫలమై దేశం విడిచినవాళ్లు ఆ పద్ధతిని అమెరికా తెచ్చారు. విప్లవ నాయకుడు ఫ్రీడ్రిష్ హెకర్ అదే ఏడాది సిన్సినాటిలో సంఘం పెట్టించాడు. రాజకీయం వల్ల దేశం వదిలిన మనుషులు కాబట్టి వాళ్ల తాలింఖానాలో గ్రంథాలయం, నాటక వేదిక, చర్చల గది కూడా ఉండేవి. 1861లో లింకన్ ప్రమాణ స్వీకారానికి కాపలా కాసినవాళ్లలో టర్నర్లున్నారు.

మిల్వాకీకి షికాగో నుంచి రైలే మేలు. గంటన్నర ప్రయాణం, మనిషికి 25 డాలర్లు పడింది. స్టేషన్ నుంచి టర్నర్ హాల్ మైలు లోపే. సంఘం 1853 నాటిది. లేత పసుపు ఇటుకల ఈ భవనాన్ని 1882లో మొదలుపెట్టారు. ఊరి సిటీ హాల్‌కి నమూనా గీసిన హెన్రీ కోకే దీనికీ గీశాడు. పై అంతస్తులోని బాల్‌రూమ్ 1930లలో అగ్నిప్రమాదానికి గురై దశాబ్దాలు మూతపడింది. బాగుచేసినప్పుడు పెచ్చులూడిన గోడల్ని నున్నగా పూయకుండా వదిలేశారు. అది చూడాలంటే ఖాయమైన దారి ఏదో ఒక కచేరీకి టికెట్టు కొనడమే. ఎదురుగా బాస్కెట్‌బాల్ స్టేడియం ఉంది, ఆట ఉన్న రోజు కారు తీసుకెళ్లకండి. మాకు ఆ సంగతి పార్కింగ్‌కి 40 డాలర్లు కట్టాక తెలిసింది.

ఇండియానాపోలిస్‌లో భవనం బంగారం, బస ఇత్తడి. డౌన్‌టౌన్‌లో గది 129 డాలర్లని చూసి పట్టుకున్నాం. కౌంటర్లో ‘సౌకర్యాల రుసుము’ అంటూ 25 కలిపారు, దాని మీద కూడా 17 శాతం పన్ను వేశారు, కారు పెట్టుకున్నందుకు 48. మొత్తం 228 డాలర్ల 18 సెంట్లు. సౌకర్యాలేమిటయ్యా అంటే వైఫై, రెండు నీళ్ల సీసాలు! అత్తయ్య ఆ రెండు సీసాలూ తెరవకుండా సంచిలో పెట్టేసుకున్నారు. పన్నులూ రుసుములూ కలిసిన చివరి మొత్తం కనిపించేదాకా కార్డు నంబరు కొట్టకండి. 2025కి ముందు ఈ రుసుము చాలాచోట్ల చివరి పేజీలోనే బయటపడేది.

అంత కోపంలో వెళ్లినా ఇక్కడి టర్నర్ల భవనం అథీనియం కట్టిపడేసింది. తూర్పు భాగం 1894కి పూర్తయింది, పడమటి భాగం 1898కి. కట్టింది వానెగట్, బోన్ సంస్థ. ఆ వానెగట్ నవలా రచయిత కర్ట్ వానెగట్‌కి తాతగారు. దీని అసలు పేరు ‘దాస్ డాయ్చె హౌస్’, అంటే జర్మన్ ఇల్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ వ్యతిరేకతకి జడిసి 1918లో పేరు మార్చుకున్నారు. వ్యాయామ ఉపాధ్యాయుల్ని తయారుచేసే టర్నర్ల కళాశాల 1907లో ఇక్కడికి వచ్చింది, 1941లో ఇండియానా విశ్వవిద్యాలయంలో కలిసింది. అమెరికా బడుల్లో డ్రిల్లు పీరియడ్ పాతుకుపోవడంలో వీళ్లది పెద్ద చెయ్యి. అప్పట్లో అక్కడ తిప్పిన కర్రగదల్ని ‘ఇండియన్ క్లబ్’ అనేవారు. మన ముద్గరాల్ని ఇంగ్లీషు దొరలు మన దేశంలో చూసి ఇంగ్లండుకి పట్టుకుపోతే, అక్కణ్ణుంచి అమెరికాకి సముద్రం దాటాయి.

శాకాహారులకి ఒక హెచ్చరిక. జర్మన్ భోజనంలో కూరలా కనిపించేదల్లా కూర కాదు. పులిసిన క్యాబేజీ, అదే సావర్‌క్రాట్‌ని తరచు పంది మాంసంతో ఉడికిస్తారు. వేడివేడి బంగాళాదుంప సలాడ్‌లో బేకన్ అనే పంది మాంసం కొవ్వు, ఎర్ర క్యాబేజీలోనూ ఒక్కోసారి అదే. స్పెట్స్‌లె అనే పిండివంటలో గుడ్డు. దుంపల అట్టులోనూ గుడ్డుంటుంది, పైగా ఒక్కోసారి చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారు. “వెజిటేరియనా?” అని అడిగితే సరిపోదు, “బేకన్ ఉందా, లార్డ్ (పంది కొవ్వు) ఉందా, గుడ్డుందా, నూనె వేరేనా?” అని నాలుగూ అడగాలి. అత్తయ్యకి చివరికి మిగిలింది ఉప్పు ప్రెట్జెల్, ఘాటు ఆవపిండి. ఆవపిండి మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నారు.

న్యూ ఉల్మ్‌కి కారు ఉండాల్సిందే, మినియాపోలిస్ నుంచి దాదాపు 95 మైళ్లు. మోటెల్ 84 డాలర్లు, పన్నుతో 92 లోపు, పార్కింగ్ ఉచితం. ప్రాచీన జర్మన్ వీరుడు హెర్మన్ పేరిట ఉన్న 102 అడుగుల స్తంభం ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది, మోకాళ్లు నొప్పులుంటే కిందే ఉండండి. టర్నర్ హాల్‌లో పాత భాగం 1873 నాటిది. కింద మద్యశాల గోడల నిండా జర్మనీ దృశ్యాల బొమ్మలు. ఇక్కడ పిల్లలకి జిమ్నాస్టిక్స్ ఇంకా నేర్పుతున్నారు, మూడు ఊళ్లలో నా ఓటు దీనికే. బడి సెలవుల్లో వేళలు మారతాయి కాబట్టి ముందు రోజు ఫోన్ చెయ్యాలి. హాల్లోకి బూట్లతో వెళ్లకూడదు, పిల్లల ఫొటోలు తియ్యకూడదు.

లోపలికి వెళితే ముందు పైకి చూడండి. తాడు ఎక్కడానికీ రింగులకీ అంత ఎత్తు కప్పు కావాలి. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో తాడు ఎక్కడం కూడా ఒక పోటీయే. సెయింట్ లూయిస్ టర్నర్ సంఘం సభ్యుడు జార్జ్ ఐసర్ చెక్కకాలుతో ఆ తాడెక్కి స్వర్ణం కొట్టాడు. అక్టోబరు 29న ఒక్క రోజులోనే ఆరు పతకాలు, వాటిలో మూడు స్వర్ణాలు.