తీర నిర్వహణ శిక్షణ: ప్రగతినగర్ వారం కోర్సా, రెండేళ్ల ఎంటెకా, ఒడ్డు మీద ఫీల్డ్ శిక్షణా? ఏది మేలు?

హైదరాబాద్ జీఐఎస్ కంపెనీల్లో పటాలు గీసేవాళ్లు, పర్యావరణ కన్సల్టెన్సీల్లో పనిచేసేవాళ్లు, ప్రభుత్వ శాఖల ఇంజినీర్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: సమగ్ర తీర ప్రాంత నిర్వహణ నేర్చుకోవాలంటే దేనికి వెళ్లాలి? ఇక్కణ్ణుంచి సముద్రం దాదాపు 300 కిలోమీటర్లు. అయినా దేశం మొత్తానికీ సునామీ హెచ్చరికలు వెళ్లేది ప్రగతినగర్ నుంచే కాబట్టి నేర్చుకోవడానికి ఊళ్లోనే దారులున్నాయి. ఆ దారులు ఎంతదాకా తీసుకెళ్తాయన్నదే తేల్చుకోవాలి.

మొదట ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం. యునెస్కో గుర్తింపు ఉన్న అంతర్జాతీయ శిక్షణ కేంద్రం అక్కడే ఉంది. చిన్న కోర్సులు నడుపుతారు. అలలు, ఆటుపోట్లు, గాలి, ఉపగ్రహ డేటా ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎలా వాడాలి అన్నది రోజూ ఆ పనే చేసేవాళ్లు చెబుతారు. ఏ ఒడ్డుకు ముప్పు ఎంతో చెప్పే తీర దుర్బలత్వ సూచిక సంగతే తీసుకోండి. తీరరేఖ మార్పు, సముద్రమట్టం పెరుగుదల, నేల ఎత్తు, వాలు, భూస్వరూపం, అలల ఎత్తు, ఆటుపోట్ల తేడా అనే ఏడు అంశాలకు ర్యాంకులిచ్చి కలిపే పని ఇది. కంప్యూటర్ ముందు వారం కూర్చుంటే చేతికి వచ్చేస్తుంది. లోపం ఒక్కటే. తరగతిలో ఇచ్చే డేటా అప్పటికే శుభ్రం చేసి ఉంటుంది. తప్పు ఎక్కడ దొర్లుతుందో అందులో కనబడదు.

ఆ తప్పు ఎంతదాకా పోతుందో ఒక లెక్క చూడండి. ఇసుక ఒడ్డు వాలు 1:40 అనుకుందాం. నీటిమట్టంలో ఒక్క మీటరు తేడా వస్తే నీటి అంచు 40 మీటర్లు జరుగుతుంది. 2014లో పాటు వేళ (నీరు వెనక్కి తగ్గినప్పుడు) తీసిన ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాన్ని, 2024లో పోటు వేళ తీసినదాన్ని పక్కపక్కన పెట్టి రెంటి తేడాను పదేళ్లతో భాగించారంటే ఏడాదికి 4 మీటర్ల కోత అని వస్తుంది. నిజానికి ఒడ్డు ఎక్కడికీ పోలేదు. ఉపగ్రహం ఎప్పుడూ దాదాపు ఒకే గంటకు వస్తుంది కాబట్టి పోటు కూడా ఒకేలా ఉంటుందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గంట అదే, తిథి వేరు. చిత్రం ఎంచుకునే ముందు ఆ రోజు ఆటుపోట్ల పట్టిక చూడటం అలవాటు కావాలి.

బాలానగర్ ఎన్ఆర్ఎస్‌సీ (ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) కోర్సులు మంచివే. కానీ తీరం వాటిలో ఒక అధ్యాయం మాత్రమే. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థను మాత్రం చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. ఆటుపోట్ల పట్టికలో ఎత్తులు చార్ట్ డేటమ్ (నౌకా పటాల సున్నా మట్టం) నుంచి, బెంచ్‌మార్క్ (సర్వేవాళ్లు ఎత్తు కొలిచి నాటిన గుర్తు) ఎత్తులు సగటు సముద్రమట్టం నుంచి, జీపీఎస్ ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి గణితంలో వాడే నున్నటి రూపం) నుంచి ఉంటాయి. మూడోదానికీ రెండోదానికీ మన తీరంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. అది ఎంత పెద్దదంటే ఎవరికైనా ఇట్టే దొరికిపోతుంది. మొదటి రెంటి మధ్య తేడా చిన్నది, అందుకే దొరక్కుండా రిపోర్టులోకి పోతుంది. లెవెలింగ్, అంటే చోటు చోటుకూ ఎత్తుల తేడా కొలిచే పని, సరిగ్గా నేర్చుకున్నవాళ్లు ఈ గోతిలో పడరు.

రెండేళ్ల ఎంటెక్, అంటే ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్ లాంటివి, గేట్ రాసి ఉద్యోగం వదులుకోగలిగినవాళ్లకు. ఒడ్డు వెంట ఇసుక ఎటు, ఎంత నడుస్తుందో లెక్కగట్టడం వారం కోర్సులో కుదిరే పని కాదు. నైరుతి రుతుపవనాల్లో మన తూర్పు తీరం ఇసుక ఉత్తరానికి, ఈశాన్యంలో దక్షిణానికి కదులుతుంది. ఏడాది మొత్తం మీద మొగ్గు ఉత్తరానికే. అడ్డంగా గోడ కడితే దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఒడ్డు తెగుతుంది. విశాఖ ఔటర్ హార్బర్ తర్వాత ఆర్‌కే బీచ్‌కు ఇసుక తోడిపోయాల్సి రావడం ఇందుకే. గోడలు, గ్రోయిన్లు (ఇసుకను ఆపడానికి ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టే అడ్డుకట్టలు) డిజైన్ చేసే ఉద్యోగమైతే డిగ్రీకి ప్రత్యామ్నాయం లేదు. పటాలు, అనుమతులు, ప్రణాళికల పనైతే అంత అక్కర్లేదు. ఆన్‌లైన్ కోర్సులు పదజాలం పరిచయానికి పనికొస్తాయి. విదేశీ మాస్టర్స్ స్కాలర్‌షిప్ వస్తే సరే.

ఇక ఫీల్డ్ శిక్షణ. నా మొగ్గు దీనికే. దాచుకోను.

సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలి నిబంధనలు) మొత్తం ఒక్క హైటైడ్ లైన్ (పెద్ద పోటు నీరు నేల మీద చేరే హద్దు) మీద నిలబడి ఉంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన గ్రామీణ ప్రాంతంలో, కొత్త తీర నిర్వహణ పటం ఆమోదం పొందాక, ఆ గీత నుంచి నిర్మాణాలు కూడని మేర 50 మీటర్లే. మిగతా గ్రామాల్లో 200. ఇప్పుడు 1:25000 పటం మీద అర మిల్లీమీటరు మందం గీత గీయండి. నేల మీద అది పన్నెండున్నర మీటర్లు, అంటే ఆ 50లో పావు వంతు! గీత అటు జరిగితే ఒకరి ఇల్లు, ఇటు జరిగితే ఒక రిసార్టు. అందుకే గ్రామ స్థాయిలో 1:4000కు దగ్గరి పటం మీద, సర్వే నంబర్లతో, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చేతబట్టుకుని చూడాలంటారు.

ఆ గీత నేల మీద ఎక్కడుందో ఒడ్డున నిలబడి గుర్తుపట్టడం తెరమీద రాదు. చెత్త, నురగ పేరుకున్న గీత చూసి అదేననుకుంటారు కొత్తవాళ్లు. అది నిన్నటి పోటుదో, మొన్నటి తుఫానుదో కావచ్చు. చూడాల్సింది ఇసుక గట్టు శిఖరం, రావణాసురుడి మీసాల గడ్డి, బాలబంద తీగ నిలకడగా పెరిగిన అంచు, మడ అడవికి నేల వైపు సరిహద్దు. ఇవి మూడు నాలుగు చోట్ల ఒకదానితో ఒకటి పొసగకపోతే ఏది నమ్మాలో చెప్పే అనుభవజ్ఞుడు పక్కన ఉండాలి.

ఉప్పుటేర్ల దగ్గర పని ఇంకా కష్టం. పోటు ప్రభావం ఎంతదాకా ఉందో తేల్చడానికి ఏడాదిలో బాగా ఎండిన కాలంలో ఉప్పదనం 5 పీపీటీ (వెయ్యి పాళ్లకు 5) ఉన్న చోటు పట్టుకోవాలి. అక్కడిదాకా ఏటి పక్కన 50 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది, నియంత్రణలోకి వస్తుంది. ఆగస్టులో పెట్టిన శిక్షణలో ఇది నేర్పలేరు, నీళ్లన్నీ తీపిగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పోటు వేళ పడవలో వెళ్లి పైనీరూ అడుగునీరూ రెండూ కొలవాలి. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ముందుకు చొచ్చుకుపోతుంది. పైనీరు 2 చూపిస్తే అడుగున 8 ఉండొచ్చు. రొయ్యల రైతులు వాడే రిఫ్రాక్టోమీటర్ చెరువుకు చాలు. ఇక్కడ ఒక్క పీపీటీ తేడాతో కిలోమీటర్లు మారిపోవచ్చు కాబట్టి కండక్టివిటీ మీటరే తీసుకెళ్లాలి. రిఫ్రాక్టోమీటరే దిక్కైతే ప్రతి పూటా డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా సరిచూసుకోవాలి.

'సమగ్ర' అన్న మాటకు అర్థం మత్స్యకార పల్లెలో తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రంలో ఖాళీ ఇసుకగా కనిపించేది చేపలు ఎండబెట్టే చోటు కావచ్చు, పడవలు లాగి పెట్టేది కావచ్చు, అలివి వల లాగే జాగా కావచ్చు. ఉపగ్రహం వచ్చే ఉదయం పదిన్నరకు పడవలు ఇంకా సముద్రంలోనే ఉంటే చిత్రంలో ఏమీ ఉండదు. పటం మీద ఆ జాగాలు గుర్తించకపోతే రేపు అక్కడ ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. పల్లె పెద్దలతో పాటు చేపలు ఎండబెట్టే ఆడవాళ్లనూ అడగాలి, ఏ నెలల్లో ఎంత జాగా వాడతారో వాళ్లే చెప్పగలరు.

ఫీల్డ్ శిక్షణతో చిక్కు, ఒంటరిగా వెళ్లేవాళ్లకు అది సులువుగా దొరకదు. నలుగురైదుగురిని పంపే ఆఫీసులు చెన్నైలోని ఎన్‌సీఎస్‌సీఎం (జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం) లాంటి సంస్థతోనో, విశాఖ, కాకినాడ వైపు విశ్వవిద్యాలయ విభాగంతోనో మాట్లాడుకోవచ్చు. పటాల పనివాళ్లకు నేను చెప్పే వరస ఇది: ముందు ప్రగతినగర్‌లో వారం, వీలైతే ఉప్పల్‌లో లెవెలింగ్, ఆ తర్వాత వేసవిలో పౌర్ణమి లేదా అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులు ఒకే ఐదు కిలోమీటర్ల ఒడ్డు మీద. ఈశాన్య రుతుపవనాల తర్వాత అదే చోట అవే బెంచ్‌మార్కుల నుంచి మళ్లీ ప్రొఫైల్ (ఒడ్డు ఎత్తుపల్లాల కొలత) తీయాలి. ఏ కోర్సు ప్రకటన చూసినా నిర్వాహకులను ముందుగా అడగండి: ఫీల్డ్ రోజులు ఏ తిథికి పడుతున్నాయి, ఆ పూట పోటు ఎన్ని గంటలకు?