బ్రిటిష్ మ్యూజియం 52వ గది: సైరస్ మట్టి స్తూపం ఒక్కటే చూసి వచ్చేయకండి

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన ఇరాన్‌కు ఇచ్చిన గది 52. పారసీక రాజు సైరస్ రాయించిన పీపా ఆకారపు మట్టి శాసనం, అదే సైరస్ స్తూపం, ఇక్కడే ఉంది. క్రీ.పూ. 3000 నుంచి క్రీ.శ. 651 దాకా అంతా ఈ ఒక్క హాల్లోనే సర్దారు. అకెమెనిడ్ కాలం (సైరస్, డరియస్ లాంటి పారసీక రాజుల కాలం) వరకే చూస్తే గంట సరిపోతుంది. ప్రవేశం ఉచితమే, కానీ ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకుని వెళ్ళడం మంచిది. రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది. శుక్రవారం రాత్రి 8:30 వరకు కాబట్టి నింపాదిగా చూడాలనుకునేవాళ్ళు ఆ సాయంత్రం పెట్టుకోండి.

గది పై అంతస్తులో ఉంది. లిఫ్టు ఉన్నా, మోకాళ్ళు సహకరిస్తే తూర్పు మెట్ల మీదుగా ఎక్కండి. ఆ రాజుల కొలువు నగరం పెర్సెపోలిస్ శిల్పాల ప్లాస్టర్ అచ్చులు ఆ మెట్ల దగ్గరే ఉన్నాయి. నకళ్ళే కదా అని దాటేస్తే నష్టం మీకే. 1892లో అక్కడికి వెళ్ళి అచ్చు తీసినవి ఇవి. ఆ తర్వాత అసలు రాయి ఎండకూ వానకూ అరిగిన చోట్ల కూడా ఇందులో ఉలి గీత మిగిలి ఉంది. మడతల అంగీ, నిలువు గాడుల టోపీ ఉన్నవాడు పారసీకుడు. గుండ్రటి టోపీ, లాగు ఉన్నవాడు మీడ్, అంటే ఇరాన్‌లోనే మరో జాతివాడు. ఈ రెండు గుర్తులు తెలిస్తే సగం శిల్పం చదివినట్టే.

పెర్సెపోలిస్ అపదాన (రాజసభా మందిరం) మెట్ల మీద 23 దేశాల బృందాలు కానుకలు పట్టుకుని వస్తుంటాయి. సింధు ప్రాంతం వాళ్ళు కావడి మోసుకొస్తారు. దాని బుట్టల్లో ఉన్నది బంగారు రజను అని పండితుల మాట. ఎవరి చేతికీ సంకెళ్ళు లేవు. బృందం పెద్దను రాజోద్యోగి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. ఇదే మ్యూజియం కింది అంతస్తులో అస్సీరియా ఫలకాలు చూసి వస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడ ఓడినవాళ్ళ తలలు నరికి కుప్ప పోస్తారు. అలాగని పారసీక రాజులు సాధువులేమీ కారు: ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద, పెర్సెపోలిస్ కట్టడం మొదలుపెట్టిన రాజు డరియస్ ఒక శత్రువును కాలితో తొక్కుతూ, మెడలకు తాడు కట్టిన తిరుగుబాటుదారులను ఎదుట నిలబెట్టుకున్నాడు. ఎక్కడ ఏ బొమ్మ చెక్కించాలో వాళ్ళకు బాగా తెలుసు.

గదిలో మొదట డరియస్ ముద్ర వెతకండి. నాలుగు సెంటీమీటర్లు కూడా లేని రాతి స్తూపం. తడి మట్టి మీద దొర్లిస్తే రథం, సింహం వేట, ఖర్జూర చెట్లు పడతాయి. పక్కన రాజు పేరు పాత పర్షియన్, ఎలామైట్, బాబిలోనియన్ భాషల్లో ఉంది. ‘మహా’ అనే మాట మాత్రం బాబిలోనియన్‌లోనే కలిపారు. రాయి కంటే దాని ముద్ర చూడటమే తేలిక.

తర్వాత ఆక్సస్ నిధి. నేటి తాజికిస్తాన్ ప్రాంతంలో 1877–80 మధ్య దొరికింది, ఇప్పుడు మిగిలినవి సుమారు 180 వస్తువులు. అందులో నాలుగు గుర్రాల చిన్న బంగారు రథం బొమ్మ ఈ గది మొత్తానికీ మకుటం. అందరూ గుర్రాలను ఫొటో తీసి వెళ్ళిపోతారు. మీరు రథం ముందు పలక చూడండి. దాని మీదున్నది ఈజిప్టు మరుగుజ్జు దేవుడు బెస్, పసివాళ్ళను కాచేవాడు. మనవాళ్ళు ఇంటి ముందు కట్టే దిష్టిబొమ్మకు దూరపు చుట్టంలా ఉంటాడు. మీడ్ దుస్తుల మనుషులు, ఈజిప్టు దేవుడు, దొరికింది మధ్య ఆసియాలో! ఆ రాజ్యంలో కొలువుదీరిన కలగలుపును ఏ శాసనం కన్నా ఇదే బాగా చెబుతుంది. పక్కన గ్రిఫిన్ (సింహం, గద్ద కలిసిన కల్పిత జంతువు) తలల బంగారు కడియంలో ఖాళీ గూళ్ళు కనిపిస్తే అది పనివాడి లోపం కాదు, పొదిగిన రాళ్ళు రాలిపోయాయి.

సైరస్ స్తూపాన్ని ఆఖరున చూడండి. పొడవు 23 సెంటీమీటర్లు ఉండదు, 45 పంక్తులు, 1879లో బాబిలోన్‌లో దొరికింది. క్రీ.పూ. 539లో ఆ నగరాన్ని పట్టాక రాయించినది. మార్దుక్ దేవుడే తనను ఎంచుకున్నాడని, తరలించిన విగ్రహాలను వాటి గుళ్ళకు పంపానని, జనాన్ని వాళ్ళ ఊళ్ళకు చేర్చానని ఇందులో సైరస్ చెప్పుకుంటాడు. గెలిచిన రాజు స్థానిక దేవుడి పేరు మీద మాట్లాడటం మెసపొటేమియాలో పాత ఆనవాయితీ. యూదులను స్వదేశానికి పంపింది సైరసే అంటారు గానీ, వాళ్ళ పేరు ఇందులో లేదు. వాళ్ళ సంగతి బైబిల్ ఎజ్రా గ్రంథంలో ఉంది. బానిసత్వం రద్దు, కనీస వేతనం అంటూ ఇంటర్నెట్‌లో తిరిగే అనువాదం కల్పితం. ‘తొలి మానవ హక్కుల పత్రం’ అన్న బిరుదు 1971లో ఇరాన్ షా ఉత్సవాలతో ప్రచారంలోకొచ్చింది. ఆ ఏడాదే దీని నకలు ఐక్యరాజ్య సమితికి చేరింది.

స్తూపం అప్పుడప్పుడు ఊళ్ళు తిరుగుతుంది. 2013–14లో ముంబయికీ వచ్చింది. దాని కోసమే వెళ్ళేవాళ్ళు ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి, గది మూసి ఉందేమో కూడా.

5కి 4 ఇవ్వొచ్చు. తగ్గిన ఒక్కటి వాస్తుకళకు. పెర్సెపోలిస్ రాళ్ళను సున్నం లేకుండా, ఇనుప పట్టీలు దించి సీసం పోసి బిగించిన పద్ధతి ఇక్కడి వస్తువులతో బోధపడదు. కట్టడం ఎంత పెద్దదో కళ్ళారా చూడాలంటే పారిస్ లూవ్ర్‌కు వెళ్ళాలి. అదే రాజుల మరో రాజధాని సూసా రాజభవనం ఎద్దుల తలల స్తంభశీర్షం, రంగు ఇటుకల విలుకాళ్ళు అక్కడున్నారు. అది మంగళవారం సెలవు.