ఉత్తరాంధ్ర కుటుంబాల వంశవృక్షానికి ఆర్కైవ్స్ ఎంతవరకు పనికొస్తాయి? కొన్నేళ్ళు తిరిగాక నా సమీక్ష

పూర్వీకుల వివరాల కోసం ఆర్కైవ్స్‌కి, అంటే పాత సర్కారు దస్త్రాలు భద్రపరిచే చోటికి, వెళ్ళే ఉత్తరాంధ్ర వాళ్ళు ముందుగా పక్కన పెట్టాల్సిన మాట ‘శ్రీకాకుళం జిల్లా’. ఆ జిల్లా పుట్టిందే 1950లో. విజయనగరం జిల్లా ఇంకా ఆలస్యంగా, 1979లో వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట అన్నీ గంజాం జిల్లాలో ఉండేవి. బొబ్బిలి, పాలకొండ విశాఖపట్నం జిల్లావి. కేటలాగులో శ్రీకాకుళం అని వెతికితే ఏమీ రాదు, ఇంగ్లీషువాళ్ళు రాసిన పాత పేరు ‘చికకోల్’ (Chicacole) అని వెతకాలి. ఇది తెలియక చెన్నై దాకా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చినవాళ్ళు నాకు తెలుసు.

రెండో చిక్కు జమీందారీ. 1802లో శాశ్వత పరిష్కారం వచ్చాక మా వైపు సర్కారుకి కావాల్సింది జమీందారు ఏటా కట్టే స్థిరమైన శిస్తు, అంటే పేష్కష్ ఒక్కటే. ఏ పొలం ఏ రైతుది అన్నది జమీందారు కచేరీ లెక్క. సర్కారే రైతు దగ్గర నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ ప్రాంతాల్లో ఊరూరా పట్టాదారుల పేర్లు సర్కారు దస్త్రాల్లో కనిపిస్తాయి, మాకు ఆ అదృష్టం లేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగి, ఏ పొలం ఎవరిదో రాసే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే రిజిస్టరు తయారయ్యాకే మామూలు రైతు పేరు కాగితం మీదకి వచ్చింది. అంటే తాతగారి దాకా దారి బాగానే ఉంటుంది, అక్కణ్ణుంచి గోడ.

ఆ గోడ దాటించింది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. నా దృష్టిలో వీటన్నిటిలో దీనికే మొదటి మార్కు. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ (సేవకో దానంగానో ఇచ్చిన ఇనాం భూమిని) విచారించి, ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అన్నది గళ్ళుగీసి రాసింది. మా అమ్మగారి పుట్టింటివాళ్ళకి గుడిలో సన్నాయి వాయించినందుకు చిన్న మాన్యం ఉండేది. ఆ మాన్యం టి.డి. (టైటిల్ డీడ్, హక్కు పత్రం) నంబరు పాత కాగితాల్లో దొరికింది కాబట్టి హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో నకలు తీయించగలిగాం. ఇంట్లో అందరూ తండ్రీకొడుకులని చెప్పుకునే ఇద్దరు అందులో అన్నదమ్ములుగా ఉన్నారు, వయసులతో సహా. పెద్దాయనకి నలభై. ఆ ఒక్క వరసతో ఆయన 1820ల ప్రాంతంలో పుట్టాడని లెక్క తేలింది. కాకపోతే జమీందారు తర్వాతి రోజుల్లో ఇచ్చిన మాన్యాలు ఇందులో ఉండకపోవచ్చు, అంత ఆశ పెట్టుకోవద్దు.

చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ వేరే రకం. మద్రాసు రెవెన్యూ బోర్డు ఉత్తరప్రత్యుత్తరాలు అక్కడ గుట్టలుగా ఉన్నాయి. ఊరి తగాదా, కరువు, జమీందారుతో వ్యాజ్యం లాంటివి ఉంటే బంగారం. మామూలు కుటుంబం పేరు తగలాలంటే మాత్రం చాలా ఓపిక కావాలి. వెళ్ళేముందు ఇంట్లోనే 1869 నాటి కార్‌మైకేల్ విశాఖపట్నం మాన్యువల్, 1882 నాటి మాల్ట్‌బీ గంజాం మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్ చదివితే ఊరు ఏ ఎస్టేటు కిందదో తెలుస్తుంది. మూడూ నెట్‌లో ఉచితం.

జనన మరణ రిజిస్టర్ల గురించి ఎక్కువ చెప్పను. ఒక తాలూకా ఆఫీసు రికార్డు గదిలో ‘ఎలకలు కొట్టేశాయండీ’ అని మొదట, ‘కలెక్టరేటుకి పంపేశాం’ అని తర్వాత చెప్పారు. చివరికి అదే గదిలో సగం చిరిగిన పుస్తకం బయటపడింది. అంతా కరణంగారి గొలుసుకట్టు రాత. అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని పోతుంటే పేరెక్కడ మొదలయిందో పట్టుకోవడానికే పూట గడిచింది. ఊళ్ళో పాత దస్తావేజు లేఖరి ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్ళండి.

వలసపోయిన వాళ్ళని వెతకడం విచిత్రంగా సులువు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి కూలీలుగా వెళ్ళినవాళ్ళ ఓడ జాబితాలు అక్కడి క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయం గాంధీ-లుతులి కేంద్రం డిజిటల్‌గా పెట్టింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు కూడా. మా వైపు వీధికో అప్పలస్వామి కాబట్టి పేరు పట్టుకుని వెతకొద్దు, తండ్రి పేరూ ఊరూ కలిపి చూడండి. గుమాస్తాలు ఊరి పేర్లు వాళ్ళ చెవికి తోచినట్టు రాశారు, బిగ్గరగా పలికి చూస్తే తెలుస్తాయి. ‘ఆఫ్రికా పోయాడు’ అని ఇంట్లో చెప్పుకునే మా ముత్తాత తమ్ముడికి అలా సరిపోయినవాడు ఒక్కడే తేలాడు, ఎడమ మోకాలి మీద మచ్చతో. రంగూన్ పోయినవాళ్ళకి ఇలాంటి జాబితా నాకెక్కడా దొరకలేదు. క్రైస్తవ కుటుంబాలైతే కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాగితాల మీద దృష్టి పెట్టండి. ఒంటారియోలోని హామిల్టన్‌లో ఆ సంఘం ఆర్కైవ్స్ ఉంది.

ఇప్పుడు నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పాత దస్తావేజుల మీద ఉన్నాను. ‘ఫలానా వారి కుమారుడు, వ్యవసాయం, ఫలానా గ్రామ కాపురస్థుడు’ అని రెండు పక్షాల వాళ్ళ గురించీ రాస్తారు, హద్దుల్లో చుట్టుపక్కల రైతుల పేర్లూ వస్తాయి. మాన్యం లేని రైతు కుటుంబానికి ఇదే అసలు దారి కావచ్చు. నకళ్ళకి అర్జీ పెట్టాను.