పాత ఆరు చక్రాల లారీతో 11 ఏళ్లు: ఏం పోయింది, ఎందుకు పోయింది

ఈ లారీని 2014లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2008 మోడల్. ముందు రెండు, వెనక జంటలుగా నాలుగు, మొత్తం ఆరు టైర్లు, ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, సెన్సార్లు లేని పాత డీజిల్ పంపు, గాలి ప్రెషర్‌తో పనిచేసే ఎయిర్ బ్రేకులు. బండి బరువుతో కలిపి 12 టన్నుల వరకు అనుమతి (పాసింగ్). మాది చిత్తూరు. మామిడి కాలంలో తోతాపురి కాయ పల్ప్ ఫ్యాక్టరీలకు తోలతాను. మిగతా రోజుల్లో మదనపల్లె, పలమనేరు, వి.కోట నుంచి చెన్నై కోయంబేడుకు టమోటా, మధ్యమధ్యలో బెల్లం. ఇప్పటికి 3.5 లక్షల కిలోమీటర్లు నా చేతి మీదుగానే తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ వయసు బండ్లన్నిటికీ దాదాపు ఇవే జబ్బులు.

ఇంజన్ గట్టిది. నన్ను ఏడిపించినవి దాని చుట్టూ ఉన్న సామాన్లు. అంతకంటే ఎక్కువ డబ్బు తిన్నవి, పోయిన సామాను మార్చేసి అది ఎందుకు పోయిందో చూడని రిపేర్లు.

హీటింగ్ సంగతే తీసుకోండి. 2016 ఎండాకాలంలో చెన్నై నుంచి సిమెంటు లోడుతో వస్తూ పలమనేరు వైపు మొగిలి ఘాట్ (కొండదారి) ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. రేడియేటర్లో బుడగలు, సైలెన్సర్లో తెల్లపొగ. ఇంజన్ పైభాగమైన హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందన్నారు. హెడ్డు దించి, ఫేసింగ్ కొట్టించి (అడుగు చదును చేయించి), కొత్త గ్యాస్కెట్ వేశారు. ఎనిమిది నెలలకు మళ్లీ అదే ఘాట్‌లో అదే కథ. రెండోసారి చేసిన షెడ్డువాళ్లు ఇంజన్ వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ కూడా పీకేశారు. మన ఎండలకు అది అక్కర్లేదన్నారు, నేనూ నమ్మాను. అయినా ఘాట్ ఎక్కితే ముల్లు లేస్తూనే ఉంది.

చివరికి మా ఊళ్లోనే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన హెడ్డు జోలికే పోలేదు. ముందు జాలీ విప్పి, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కూ రేడియేటర్‌కూ మధ్య టార్చి వేసి చూపించాడు. మామిడి కింద పరిచే వరిగడ్డి తుక్కు, దుమ్ము, పురుగులు కలిసి దుప్పటిలా పేరుకుపోయి ఉన్నాయి. "గాలి పోయే దోవ మూసిపెట్టి ఇంజన్‌ను తిడితే ఎట్ల నాయనా?" అన్నాడు. లోపల ఫ్యాన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టించాడు. గట్టి ప్రెషర్‌తో కొడితే రేకులు వంగిపోతాయి. థర్మోస్టాట్ మళ్లీ పెట్టాడు. అది లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలోనే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తుందట. రేడియేటర్ మూత కూడా మార్చాడు. మళ్లీ హెడ్డు విప్పే పని ఈరోజు వరకు పడలేదు. ఏటా మామిడి సీజన్ అయిపోగానే ఆ సందు కడిగిస్తున్నాను.

బ్రేకుల విషయం రాస్తుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. 2019లో ఒక రాత్రి పలమనేరు నుంచి టమోటా లోడుతో మొగిలి ఘాట్ దిగుతున్నాను. మూడో గేరులోనే ఉన్నాను. సగం దిగేసరికి ఎయిర్ ప్రెషర్ ముల్లు పడిపోతోంది, బజర్ మోగడం మొదలైంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కింద నుంచి బుస్సుమని చప్పుడు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు మట్టి అంచుకు పట్టించి ఆపాను. క్లీనర్ దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

పోయింది ఏమిటంటే, గాలి ఒత్తిడితో బ్రేకును నెట్టే వెనక కుడి బ్రేకు చాంబర్‌లో రబ్బరు డయాఫ్రమ్ చిరిగింది. అంతకు వారం ముందే బ్రేకులు చెక్ చేయించాను. ఆ మెకానిక్ ట్యాంకులో గాలి నింపి, ఇంజన్ ఆపి, లీకు చప్పుడు లేదని పంపించేశాడు. పెడల్ తొక్కిపట్టి చూడలేదు. డయాఫ్రమ్ చిరిగితే బ్రేకు తొక్కినప్పుడే గాలి పోతుంది. చదును రోడ్డు మీద అరక్షణం తొక్కి వదిలేస్తాం కాబట్టి తెలియదు, ఘాట్‌లో తెలుస్తుంది. అందుకే ఇప్పుడు లోడు ఎక్కిన ప్రతిసారీ నేనే చూసుకుంటాను. గాలి నిండాక ఇంజన్ ఆపి, నిమిషం పాటు పెడల్ తొక్కిపట్టి ముల్లును చూస్తాను, క్లీనర్ నాలుగు చక్రాల దగ్గరా చెవి పెడతాడు. ముల్లు దిగుతుంటే ఆ రోజు బండి కదలదు. రోజూ పొద్దున ఎయిర్ ట్యాంకు కింది కాక్ తిప్పి నీళ్లు వదలాలి. నీళ్లతో పాటు ఆయిల్ కూడా ఎక్కువగా వస్తే గాలి నింపే కంప్రెసర్ రింగులు అరిగాయన్నమాట. బ్రేకు పట్టును సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు నాలుగూ సమానంగా బిగించాలి. ఒక్క చక్రానికే పట్టు ఎక్కువైతే ఆ చక్రం బ్రేకు లైనర్ ఒక్కటే కాలిపోతుంది. భాకరాపేట ఘాట్ తిరుపతి వైపు దిగేటప్పుడు కాలిన లైనర్ వాసన వచ్చిందంటే డ్రైవర్ పై గేరులో, బ్రేకు మీదే కాలు పెట్టి దిగుతున్నాడని అర్థం. అక్కడ తప్పు బండిది కాదు.

ఇంజన్ స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారును, బ్యాటరీలను తినేది మామిడి సీజనే. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో రాత్రంతా ఉండాలి, పది నిమిషాలకోసారి స్టార్ట్ చేసి నాలుగడుగులు జరగాలి. సెల్ఫ్ కార్బన్ బ్రష్‌లు రెండు సీజన్లకోసారి మార్చాను. క్లచ్ ప్లేటు కూడా అక్కడే అరుగుతుంది. బ్యాటరీ మాత్రం నా తప్పు. బండికి 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు. పాటల కోసం, ఫోన్ ఛార్జింగ్ కోసం ఒక బ్యాటరీ నుంచే వైరు లాగించాను. ఆ బ్యాటరీ ఎప్పుడూ సగమే ఛార్జ్ అయ్యేది, రెండోదానిలో నీళ్లు మరిగిపోయేవి. మూడేళ్లలో మూడు బ్యాటరీలు పోయాక ఎలక్ట్రీషియన్ 24 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టించాడు. కొంటే రెండు బ్యాటరీలూ ఒకేసారి కొనండి.

గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు పోయే పొడవాటి షాఫ్ట్ (జాయింటు) సంగతి కూడా ఇలాంటిదే. బండి కదిలేటప్పుడు టక్‌మని, 50 స్పీడ్ దాటితే క్యాబిన్ అంతా వణుకు. సెంటర్ బేరింగ్ రెండుసార్లు మార్చాను, పోలేదు. మొదటిసారి షాఫ్ట్ కీళ్లయిన క్రాస్‌లు వేసినప్పుడు షాఫ్ట్ రెండు ముక్కలనూ గుర్తులు కలపకుండా బిగించేశారు, రెండు చివరల చెవులు ఒకే వరసలో లేవు. విప్పి సరిగ్గా కలపగానే వణుకు ఆగిపోయింది. షాఫ్ట్ విప్పించేటప్పుడు మీరే పక్కనుండి పెయింటుతో గీత పెట్టించండి.

కట్టలు (స్ప్రింగ్ పట్టీలు) మార్పిస్తే మొదటి ట్రిప్పు కాగానే వాటిని యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు మళ్లీ బిగించండి. ఒకసారి నేను బద్ధకించాను, సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకు జరిగింది. ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్‌లకు వారానికోసారి గ్రీజు పెడితే చాలు, ముందు టైర్లు బతుకుతాయి. డీజిల్ పంపు వైపు నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. ఫిల్టర్లు టైముకు మార్చాను, డీజిల్ లైనులో ఎయిర్ పట్టినప్పుడు హ్యాండ్ పంపు కొట్టి నేనే తీసుకున్నాను. రోడ్డు పక్కన స్పానరు ఒక్కటే పట్టుకుని సరిచేసుకోగలగడమే ఈ పాత ఇంజన్లంటే నాకు ప్రేమ.

లోడుతో లీటరుకు 5 నుంచి 5.5 కిలోమీటర్లు ఇస్తోంది. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఖర్చు ఉంది. రిపేరు పక్కన నిలబడి చూసే తీరిక ఉన్నవాళ్లు, తానే నడుపుకునేవాళ్లు ఇలాంటి బండి కొనవచ్చు. డ్రైవర్‌కు అప్పగించి ఇంట్లో కూర్చునేవాళ్లకు నేను చెప్పను. కొనే ముందు లోడుతో ఒక ఘాట్ ఎక్కించి, దించి చూడండి. ఖాళీ బండి బజారులో బాగానే తిరుగుతుంది.

ఈసారి సీజన్ మొదలయ్యేలోపు నాలుగు హబ్బులూ విప్పించి బేరింగులు కడిగించాలి. గ్రీజు, ఆయిల్ సీళ్లు తెచ్చి క్యాబిన్‌లోనే పెట్టాను. మేస్త్రి సోమవారం రమ్మన్నాడు.